కాలని వత్తి

కత చెప్పు జేజీ అంటే
మా జేజి ఖాశింబీ కూలి లెక్క చెప్పేది.
మొగోళ్ళకు ఎనిమిదణాలు,
ఆడోళ్ళకు నాలుగు, పిల్లోళ్ళకు రెండు,
సుత్తి కామ ఇరిగితే అర్ధణా కోత.
యుద్ధం ఎవురెవురికి జేజీ అంటే
ఆ సంగతి మేస్త్రీకే తెల్దు, అనేది.

అంతకు ముందు మేం దూదేకేటోళ్ళం.
జేజినాయన లాలెప్ప భుజాన విల్లుతో
పులివెందుల నుంచి వేంపల్లె దాకా నడిచేటోడు.
వాకిట్లో నిలబడి నారి మీటితే చాలు,
పాత పరుపులు సంకన బెట్టుకొని
ఆడోళ్ళు బయటికొచ్చేటోళ్ళంట.

ఆ ఏడు రంగూను బియ్యం రాలేదు.
పత్తి మిల్లులకు పోయింది,
మిల్లు గుడ్డ పటాలాలకు పోయింది.
కొర్రలు గిద్దెతో కొలుచుకునే ఇండ్లల్లో
పరుపు ఏకించుకునేదెవురు?

గుట్ట కింద రాతిలో నార ఉండాదన్నారు.
తెల్లగా, పట్టు పోగు మాదిరి,
పొయ్యిలో ఏసినా కాలదంట.
యుద్ధం ఓడల్లో ఆవిరి గొట్టాలకు చుట్టల్లంట.
లాలెప్ప విల్లు అటక మీద పెట్టి
సొరంగంలోకి దిగినాడు.
జేజి పైన రేకుల కొట్టంలో
రాయి చితగ్గొట్టి నార తీసేది.
"ఇదీ దూదే గదమ్మీ,
రాతి కడుపున పుట్టింది, అంతే."
పొద్దు గూకే పాటికి కనుబొమలు నెరిసిపోయి
పదారేండ్లకే ముసిలిదై ఇంటికొచ్చేది.
మొగం కడుక్కుంటే మళ్ళా పడుచు.

మరిది మస్తాను, మీసం రాని పిల్లోడు.
కడపలో ఎత్తు కొలిచినారు, రొమ్ము కొలిచినారు,
ఎద్దుకు మాదిరి పండ్లు చూసినారు,
పయనీరు పటాలంలో రాసుకున్నారు.
ముద్దనూరులో రైలెక్కేటప్పుడు
జేజి తాయెత్తులో చిటికెడు రాతినార పెట్టి కుట్టింది.
నిప్పు నిన్ను అంటదు పో, అనింది.
మూడు మనియార్డర్లు వచ్చినాయి.
నాలుగో నెల ఖాకీ కవరు.
బడి అయివారు చదివినాడు:
అస్సాంలో, చలిజరం.
"నిప్పు కాదా సామీ?" అని అడిగిందంట జేజి.
"కాదమ్మా. దోమ."

యుద్ధం అయిపోయిందని
గుట్ట కాడ దండోరా ఏసి, సగం మందిని నిలిపేసినారు.
లాలెప్ప అటకెక్కి విల్లు దించినాడు.
నారి మీటితే మోత వచ్చింది,
మీటినోనికి దగ్గు వచ్చింది.
రెండు వాకిండ్లు తిరిగి మూడోదాని అరుగు మీద
విల్లు ఒళ్ళో పెట్టుకొని కూలబడేటోడు.
క్షయ అన్నారు. మందు తెచ్చినారు.
క్షయ గాదది.
ఆయన రొమ్ములో కూచోని
ఎవురో రాయి ఏకుతా ఉండారు.

మా నాయన లారీ కిలీనరుగా పోయి డ్రైవరైనాడు.
నేను ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబరు.
మూతికి గుడ్డ ఇస్తారు,
ఆఫీసర్లు చూడ్డానికి వచ్చే రోజు.
మా పాప డిగ్రీ చదువుతాది.
ఇదంతా నవల రాస్తానంటాది.
మన ఇంట్లో యుద్ధం ఏ ఏట అయిపోయింది నాయినా,
ఆ అధ్యాయం యాడ ఆపల్ల, అని అడుగుతాది.
చెప్దామని నోరు తెరిస్తే దగ్గొచ్చింది.
నీళ్ళు తెచ్చిచ్చింది,
మళ్ళా అడగలా.

ఒక మాట మర్చిపోయినా.
జేజి ఆ నారతోనే ఒక వత్తి పేనుకుంది.
బేస్తవారం మాపటేళ దీపం,
మొదుట మస్తాను పేర్న,
తర్వాత లాలెప్పను గూడా కలుపుకొని.
యాభై ఏండ్లు అదే వత్తి.
నూనెకే గదా మనకు ఖర్చు, అని నవ్వేది.

ఆమె పోయినాక రేకు డబ్బాలో ఉండిపోయింది.
మొన్న డాక్టరు నా ఎక్స్‌రే ఎలుతురుకు పెట్టి చూసి,
ఇంట్లో అట్లాంటిది ఉంటే ముట్టుకోగాకండి అన్నాడు.
పాప రెండు ప్లాస్టిక్ కవర్లల్లో చుట్టి కట్టింది.
వారమాయ, ఇంకా గూట్లోనే ఉండాది.
చెత్తబండి పిల్లోని చేతికి ఇయ్యలేము,
వానికీ ఊపిరితిత్తులు ఉంటాయి.
పూడుద్దామంటే
తవ్వి తీసిందే ఆ భూమిలోంచి.
కాలుద్దామంటే
అది కాలదు గదా.